గోల్ఫ్ ఆర్, సివిక్ టైప్ ఆర్: 100 దాకా ఆ 0.7 సెకన్లు ఎక్కడ పోతున్నాయి?

మీరడిగింది ఇది: హోండా ఎఫ్‌ఎల్5 సివిక్ టైప్ ఆర్‌కి 329 పీఎస్ (పీఎస్ అంటే దాదాపు హార్స్‌పవరే), ఎనిమిదో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్‌కి (2024 మార్పులకు ముందుదానికి) 320. టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, రెండింటికీ 420 న్యూటన్ మీటర్లే. బరువు చూస్తే టైప్ ఆరే సుమారు వంద కిలోలు తక్కువ. అయినా కంపెనీలు చెప్పే 0-100 (ఆగి ఉన్న కారు గంటకు 100 కిలోమీటర్లు అందుకునే సమయం) గోల్ఫ్‌కి 4.7 సెకన్లు, టైప్ ఆర్‌కి 5.4. పవర్ ఎక్కువున్న తేలిక కారు ఎందుకు వెనకపడుతోంది?

ఇంజిన్ వల్ల కాదు. చాలావరకు టైరు పట్టు దగ్గర పోతోంది, మిగతాది గేరు మార్చేటప్పుడు.

టైప్ ఆర్‌లా ముందు చక్రాలు లాగే కారు కదలగానే బరువు వెనక్కి వాలుతుంది. లాగాల్సిన చక్రాల మీదే భారం తగ్గుతుందన్నమాట. లెక్క వేసి చూద్దాం. డ్రైవరుతో కలిపి టైప్ ఆర్ 1,520 కిలోలు అనుకోండి. ఆగి ఉన్నప్పుడు అందులో 62 శాతం, అంటే 940 కిలోలు ముందు చక్రాల మీద ఉంటాయి. గరిమనాభి అర మీటరు ఎత్తులో ఉందనుకుంటే, 2,735 మిల్లీమీటర్ల వీల్‌బేస్‌కి (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 0.5 జీ త్వరణంలో (జీ అంటే గురుత్వ త్వరణం) 140 కిలోలు వెనక్కి వెళ్లిపోతాయి. ముందు మిగిలేది 800. పొడి రోడ్డు మీద మంచి వేసవి టైరుకి ఘర్షణ గుణకం 1 అని తీసుకుంటే, 800ని 1,520తో భాగిస్తే వచ్చేది దాదాపు 0.53 జీ. అంతకు మించి తొక్కితే చక్రం ఉన్నచోటే తిరుగుతుంది.

ఆ 0.53 జీకి ఎంత పవర్ కావాలో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల దగ్గర రోడ్డు మీదికి దిగేది 120 పీఎస్ మాత్రమే. 60 దగ్గర 180. ఇంజిన్ ఇచ్చేదంతా వాడుకునే వీలు 100 దగ్గరపడ్డాకే వస్తుంది. ఇదే త్వరణంతో 100 చేరడానికి పట్టేది 5.4 సెకన్ల దరిదాపే. అందుకే టైప్ ఆర్‌కి ట్యూనింగ్‌తో ఇంకో 40 పీఎస్ పెంచినా 0-100లో పెద్దగా మార్పు కనిపించదు. డబ్బు టైర్ల మీద పెడితే కనిపిస్తుంది. అందులో ఉన్న హెలికల్ డిఫరెన్షియల్ (రెండు ముందు చక్రాలకు బలం పంచే గేర్ల పెట్టె) చాలా మంచిది, కానీ అది మొత్తం పట్టును పెంచదు. ఒక చక్రం ఊరికే తిరిగి ఉన్న పట్టును పాడుచేయకుండా చూస్తుంది, అంతే.

గోల్ఫ్ ఆర్‌లో నాలుగు చక్రాలూ లాగుతాయి, వెనక చక్రాలకు బలం అందించడానికి ఆ ఇరుసుకి రెండు మల్టీప్లేట్ క్లచ్‌లు ఉంటాయి. వెనక్కి వాలిన బరువు వృథా పోదు, అక్కడి చక్రాలూ లాగుతాయి. దానికి తోడు డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) గేరు మార్చేటప్పుడు లాగుడు తెగదు. టైప్ ఆర్‌లో ఉన్నది మాన్యువల్ ఒక్కటే. ఎంత చెయ్యి తిరిగినవారికైనా ఒక్కో గేరుకి 0.3 నుంచి 0.5 సెకను కారు ఊరికే దొర్లుతుంది.

బయల్దేరే పద్ధతి గోల్ఫ్‌లో తేలిక. ఈఎస్‌సీని (కారు జారకుండా చూసే వ్యవస్థ) స్పోర్ట్‌లో పెట్టి, గేరు ఎస్‌లో (స్పోర్ట్) ఉంచి, ఎడమ కాలితో బ్రేకు గట్టిగా తొక్కి, యాక్సిలరేటర్ అడుగుదాకా నొక్కాలి. ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) ఒకచోట నిలబడగానే బ్రేకు ఒక్కసారిగా వదిలేయాలి. వరసగా రెండు మూడు సార్లు చేస్తే క్లచ్ ఆయిల్ వేడెక్కుతుంది. మధ్యలో కొన్ని నిమిషాలు నెమ్మదిగా నడపండి. ఆగి ఉంచితే రేడియేటర్‌కి గాలి తగలక ఇంజిన్ పీల్చే గాలి ఇంకా వేడెక్కుతుంది, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఇగ్నిషన్ టైమింగ్ తగ్గించేస్తుంది, దాంతో పవర్ తగ్గుతుంది.

టైప్ ఆర్‌కి ఓపిక కావాలి. 3,000 ఆర్‌పీఎం దగ్గర మొదలుపెట్టి, క్లచ్ సగం పట్టించి, కారు కదిలాకే పూర్తిగా వదలండి. మొదటి గేరులో యాక్సిలరేటర్ మూడింట రెండొంతులు చాలు. చెవి పెట్టండి: టైరు సన్నగా మూలుగుతుంటే చక్రం కారు కన్నా పది శాతం ఎక్కువ తిరుగుతున్నట్టు, అదే అత్యధిక పట్టు. కీచుమని అరిస్తే అప్పటికే దాటేశారు. ముందు భాగం దబదబా ఎగిరిపడితే వెంటనే కాలు తీసేయండి. కొనసాగిస్తే ఇంజిన్ మౌంట్లు, డ్రైవ్‌షాఫ్ట్ జాయింట్లు దెబ్బతింటాయి. ఇవన్నీ మూసిన ట్రాక్ మీదే చేయాలని వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఎక్కువమంది బోల్తాపడేది కొలతలో. అమెరికా పత్రికల 0-60 అంకెను ఐరోపా 0-100 పక్కన పెట్టకండి. 60 మైళ్లంటే 96.6 కిలోమీటర్లే. పైగా వాళ్లు మొదటి ఒక్క అడుగు (30 సెంటీమీటర్లు) దూరానికి పట్టే సమయాన్ని లెక్కలోంచి తీసేస్తారు, అదే 0.25 నుంచి 0.35 సెకను. స్పీడోమీటర్ వీడియోలూ పనికిరావు. ఐరోపా నిబంధన ప్రకారం అది తక్కువ చూపకూడదు, ఎక్కువ చూపొచ్చు. ముల్లు 100 మీదున్నప్పుడు నిజంగా 95 ఉండొచ్చు. ఫోన్ జీపీఎస్ సాధారణంగా సెకనుకి ఒక్కసారే చదువుతుంది, కనీసం 10 సార్లు చదివే పరికరం వాడండి. ఒక శాతం పల్లం ఉన్నా 0.1 సెకను కలిసొస్తుంది, కాబట్టి రెండు దిక్కులా నడిపి సగటు తీయండి. రెండు కార్లలో ఒకే ఆక్టేన్ పెట్రోలు, ఒకే డ్రైవరు, కొత్త టైర్లు. టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడు చూడాలి.

ఇంజిన్లనే పోల్చాలంటే నిలబడి బయల్దేరడం మానేయండి. గేరు మార్చకుండా 80-120 కొలవండి. రెండూ 420 న్యూటన్ మీటర్లు అందే ఆర్‌పీఎంలో ఉండాలి, టైప్ ఆర్‌కి అది 2,600 నుంచి మొదలవుతుంది. అప్పుడు ఆ 0.7లో చాలావరకు మాయమవుతుంది, మిగిలేదాన్ని గేరు నిష్పత్తులు తేలుస్తాయి.

వాన పడితే మాత్రం లెక్క వేరు. గుణకం 0.6కి దిగితే టైప్ ఆర్ పరిమితి 0.34 జీకి పడిపోతుంది, 100 చేరడానికి ఎనిమిది సెకన్లు దాటుతుంది. అదే తడిలో గోల్ఫ్‌కి నాలుగు చక్రాల పట్టూ పనికొస్తుంది కాబట్టి అది కోల్పోయేది అందులో చిన్న వంతే.