టెస్టర్ వెలుగుతోంది, కానీ ప్లగ్ పాయింట్లు పనిచేయట్లేదా? ముందు న్యూట్రల్ చూపించండి

హాల్లోనూ పక్క బెడ్‌రూమ్‌లోనూ ప్లగ్ పాయింట్లు ఒకేసారి ఆగిపోయాయని, లైట్లు, ఫ్యాన్లు బాగానే ఉన్నాయని, ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే ఆగే స్విచ్) ఏదీ పడలేదని, టెస్టర్ పెడితే మాత్రం వెలుగుతోందని మీరు రాశారు. ఇవన్నీ కలిపి చూస్తే నా అనుమానం న్యూట్రల్ మీదే. బెంగళూరు మారతహళ్లిలో మేం అద్దెకున్న ఫ్లాట్‌లో అచ్చం ఇలాగే జరిగింది.

టెస్టర్ వెలిగిందంటే ఫేజ్, అంటే కరెంటు తెచ్చే వైరు, వస్తోందని మాత్రమే అర్థం. ఆ కరెంటు తిరిగి వెళ్లే దారి, అంటే న్యూట్రల్, ఎక్కడైనా తెగితే చార్జర్ కూడా పనిచేయదు. పైగా మన ఇళ్లలో ప్రతి ప్లగ్‌కీ డీబీ బాక్స్ (ఎంసీబీలన్నీ ఉండే పెట్టె) నుంచి విడిగా వైరు రాదు. ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకి లూప్ చేసుకుంటూ వెళ్తారు. మధ్యలో ఒక్కచోట స్క్రూ వదులైతే దాని తర్వాతవన్నీ ఆగిపోతాయి. అందుకే లోపం ఉన్నది ఆగిపోయిన వాటిలో చివరి బోర్డులో కాకపోవచ్చు. బాగా పనిచేస్తున్న ఆఖరి బోర్డు, ఆగిపోయిన మొదటి బోర్డు, ముందు ఆ రెండూ తెరిపించండి.

ఎలక్ట్రీషియన్ వచ్చేలోపు మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆగిపోయిన పాయింట్లలో ఉన్నవన్నీ పీకేయండి. డీబీ దగ్గర ప్లగ్‌ల ఎంసీబీలను పూర్తిగా కిందకి దించి మళ్లీ పైకి లేపండి. కొన్ని పడినా పైకి ఉన్నట్టే కనిపిస్తాయి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉంటే అదీ చూడండి. వీటితో పని జరగకపోతే అక్కడితో ఆగండి, బోర్డు విప్పకండి.

ఎందుకంటే, న్యూట్రల్ తెగిన లైన్‌లో టీవీయో మిక్సీయో స్విచ్ ఆన్‌లో ఉండిపోతే, దాని గుండా ఫేజ్ వచ్చి న్యూట్రల్ వైరులోకి చేరుతుంది. అప్పుడు సాకెట్‌లో రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలుగుతుంది. న్యూట్రలే కదా అని నల్ల వైరు పట్టుకున్నవాళ్లకి షాక్ కొట్టేది ఇలాంటప్పుడే. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజ్‌ని మాత్రమే ఆపుతుంది కాబట్టి, బోర్డు విప్పేముందు మెయిన్ ఆపమని ఎలక్ట్రీషియన్‌కి కూడా గట్టిగా చెప్పండి.

మల్టీమీటర్ వాడటం తెలిసినవాళ్లు దగ్గరుంటే తేల్చడం సులువు. సాకెట్‌కి ఎదురుగా నిలబడితే కుడివైపు ఫేజ్, ఎడమవైపు న్యూట్రల్, పైన పెద్దది ఎర్త్ (లీకైన కరెంటును భూమిలోకి పంపే వైరు). కుడికీ పైకీ మధ్య 230 వోల్టుల దాకా చూపిస్తూ, కుడికీ ఎడమకీ మధ్య సున్నాయో, నిలకడలేని అంకెలో వస్తే న్యూట్రల్ తెగినట్టే.

మా ఇంటికి మొదట వచ్చినతను టెస్ట్ లాంప్‌ని ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య పెట్టి వెలిగించాడు. "ఎర్త్ బాగుంది సార్, దాన్నే న్యూట్రల్‌కి కలిపేస్తా, అయిదు నిమిషాల పని" అన్నాడు. నేను వద్దన్నాను. దయచేసి మీరూ ఒప్పుకోకండి. అలా చేస్తే టీవీ, ఫ్రిజ్ అన్నీ నడుస్తాయి. కానీ ఆ ఎర్త్ వైరు ఎక్కడైనా వదులైన రోజున ఫ్రిజ్ బాడీకీ వాషింగ్ మెషిన్ బాడీకీ కరెంటు వచ్చేస్తుంది. ఇంట్లో పిల్లలుంటే అది ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో ఇలా కలిపితే అది వెంటనే పడిపోతుంది. అప్పుడు "ఇది పాడైంది, తీసేద్దాం" అంటారు. దానికి అసలే ఒప్పుకోవద్దు. ఇళ్లలో పెట్టే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్నదే ప్రాణాలు కాపాడటానికి. పక్కనున్న లైట్ల బోర్డు నుంచి న్యూట్రల్ లాగుతానన్నా వద్దనే చెప్పండి. ప్లగ్‌ల లోడు ఆ సన్న వైరు మీద పడుతుంది.

రెండో ఎలక్ట్రీషియన్ ఓపికగా ఒక్కో బోర్డూ చూసుకుంటూ వచ్చాడు. వంటింటి గోడకి ఆనుకుని ఉన్న హాలు బోర్డులో న్యూట్రల్ స్క్రూ దగ్గర వైరు తొడుగు గోధుమరంగుకి మాడిపోయి ఉంది. మాకు ముందున్నవాళ్లు ఇండక్షన్ స్టవ్‌ని కన్వర్షన్ ప్లగ్‌తో ఆ 6 ఆంపియర్ల సాకెట్‌లో వాడేవారట. 2000 వాట్ల స్టవ్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. మాడినంత వైరు కోసేసి, కొత్త సాకెట్ వేసి, స్క్రూలు బిగించాడు. మాడిన వైరు ఫోటో ఓనర్‌కి పంపితే ఖర్చు గురించి వాదన లేకుండానే ఇచ్చేశారు. మీరూ విప్పగానే ఫోటో తీసుకోండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. మీది త్రీ ఫేజ్ కనెక్షన్ (ఇంటికి మూడు ఫేజ్ వైర్లు వచ్చేది) అయి, కొన్ని గదుల్లో లైట్లు మామూలుకన్నా మరీ ఎక్కువగా వెలుగుతూ, ఇంకొన్నింటిలో మసకబారుతుంటే మెయిన్ న్యూట్రలే పోయి ఉండొచ్చు. కొన్ని గదులకి 230 దాటి చాలా ఎక్కువ వోల్టేజ్ వచ్చి టీవీ, ఫ్రిజ్ కాలిపోతాయి. వెంటనే మెయిన్ ఆపేసి అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్‌కీ, బెంగళూరు కరెంటు సంస్థ బెస్కాం 1912కీ ఫోన్ చేయండి. కాలిన వాసన వచ్చినా, బోర్డులోంచి చిటపట శబ్దం వినిపించినా ముందు మెయిన్ ఆపండి.

రిపేరు అయ్యాక ఎలక్ట్రీషియన్ వెళ్లకముందే ఒక్కో పాయింట్‌లో ఇస్త్రీ పెట్టె కాసేపు నడిపించండి. తర్వాత స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, సాకెట్ ప్లేటు మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే లోపల ఇంకా ఏదో వదులుగా ఉన్నట్టే, అప్పుడే మళ్లీ తెరిపించండి.