నేపాల్ రూపాయి రేటు ‘ఇవాళ పడిపోయింది’ అని ఎవరన్నా అంటే నమ్మకండి

మన రూపాయికి నేపాల్ రూపాయి రేటు ఎప్పుడు చూసినా 1.6 దగ్గరే ఉంటుంది, మొదటి నుంచీ ఇంతేనా అని ఒకరు అడిగారు.

మొదటి నుంచీ ఇంతే కాదు గానీ 1993 ఫిబ్రవరి నుంచి మాత్రం ఇంతే. మన వందకి వాళ్ల నూట అరవై. ఈలోగా మన రూపాయి డాలరు ముందు ముప్పై చిల్లర నుంచి ఎనభై దాటేదాకా జారింది, ప్రభుత్వాలు మారాయి, నేపాల్‌లో రాజరికమే పోయింది, ఈ 160 మాత్రం కదల్లేదు. ఇది మార్కెట్లో రోజూ తేలే రేటు కాదు, నేపాల్ రాష్ట్ర బ్యాంకు (మనకి రిజర్వ్ బ్యాంకు ఎలాగో వాళ్లకి అది) కట్టేసి పెట్టిన రేటు.

ఈ ఒక్క ముక్క తెలియక మనవాళ్లు ఎలా నష్టపోతారో కళ్లారా చూశాను. కాశీ, అయోధ్య చూసుకుని గోరఖ్‌పూర్ మీదుగా నేపాల్ వెళ్లే యాత్ర బస్సులుంటాయి కదా, అలాంటి బస్సులో మా అత్తయ్యనీ మామయ్యనీ తీసుకుని ముక్తినాథ్ బయల్దేరాం. సరిహద్దులో సునౌలీ దగ్గర బస్సు కాగితాల కోసం ఆపారు. దుమ్ము, లారీల హారన్లు, ఏసీ కూడా ఆపేశారు. అప్పుడు మా టూరు ఏజెంటు చంకలో సంచీతో సీట్ల మధ్యకి వచ్చాడు. సంచీ నిండా రబ్బరు బ్యాండ్లు వేసిన నేపాల్ నోట్ల కట్టలు. “మీ ఐదొందల నోట్లు అవతల ఎవరూ తీసుకోరండీ, ఎండలో దిగి తిరక్కండి, నేనే మార్చి ఇస్తా, వందకి నూట యాభై” అన్నాడు. వెనక సీట్లో రిటైర్డ్ మాస్టారొకాయన “నూట అరవై కదా బాబూ?” అని అడిగితే తడుముకోకుండా “నిన్నటిదాకా అంతేనండీ మాస్టారూ, ఇవాళ రేటు పడిపోయింది” అన్నాడు!

పాతికేళ్లకి పైగా కదలని రేటు అది. అయినా అందరూ నమ్మేశారు, ఎందుకంటే రోజూ టీవీలో రూపాయి పడింది, లేచింది అని వింటూనే ఉంటారు కదా. నేను ఫోన్లో నేపాల్ రాష్ట్ర బ్యాంకు రేట్ల పేజీ తీసి చూపించాను, మన వంద కొనుగోలు 160.00, అమ్మకం 160.15 అని ఉంది. “అది గవర్నమెంటు రేటండీ, ఇది బోర్డరు రేటు” అని నవ్వేశాడు. పది వేలు మార్చుకుంటే వెయ్యి నేపాలీ రూపాయలు వాడి సంచీలోనే. నలభై మంది బస్సులో తలా పది వేలు మార్చినా మన డబ్బుల్లో పాతిక వేలు ఆ పూటకి గిట్టుబాటు. మా మామయ్యేమో “స్వామి దర్శనానికి వెళ్తూ ఈ చిల్లర గొడవలెందుకురా” అని నన్నే కసిరారు. కూరగాయల బండి దగ్గర ఐదు రూపాయలకి అరగంట బేరమాడే మనిషి ఆయన! యాత్ర అనగానే మనవాళ్లకి ఏమవుతుందో నాకు అర్థం కాదు, ఈ ఏజెంట్లు బతికేదే దాని మీద.

సరే, చరిత్రకి వస్తా. 1960లో మొదటిసారి అధికారికంగా కట్టినప్పుడు కూడా రేటు ఈ 160యే. అసలు తమాషా 1966లో జరిగింది. ఆ జూన్‌లో ఇందిరాగాంధీ ప్రభుత్వం మన రూపాయి విలువ తగ్గించేసింది, డాలరు 4.76 నుంచి ఏకంగా 7.50 అయింది. నేపాల్ మాత్రం మేం తగ్గించం అని కూర్చుంది. దాంతో రాత్రికి రాత్రి మన వందకి వాళ్ల నూట ఒకటి! దాదాపు సమానం. మన సరుకు వాళ్లకి చవక, వాళ్ల సరుకు మనకి ఖరీదు. ఇండియాకి అమ్ముకుని బతికేవాళ్లు ఎక్కువున్న దేశం ఆ బెట్టు ఎన్నాళ్లు చేస్తుంది? 1967 డిసెంబర్‌లో వాళ్లూ తగ్గించుకుని 135కి వచ్చారు. ఆ తర్వాత 139, 145, 1985లో 170. 1991 జులైలో మన పీవీ గారి హయాంలో రూపాయి విలువ మళ్లీ తగ్గిస్తే ఈసారి నేపాల్ మొండికేయకుండా వెంటనే వెంట నడిచింది, 165 చేసింది. 1993లో 160. నా ఉద్దేశంలో 1966 దెబ్బ గుర్తుండబట్టే 1991లో అంత తొందరపడ్డారు.

ఇప్పటికీ నేపాల్ వ్యాపారంలో సగానికి పైగా మనతోనే. సరిహద్దు తెరిచే ఉంటుంది, అవతలి ఊళ్లలో ధర అడిగితే కొట్టువాడే ఐసీయా (ఇండియన్ కరెన్సీ) ఎన్‌సీయా (నేపాలీ కరెన్సీ) అని ఎదురు అడుగుతాడు. ఆ రేటు నిలబెట్టడానికి నేపాల్ రాష్ట్ర బ్యాంకు గల్ఫ్, మలేషియాల్లో కష్టపడేవాళ్లు పంపిన డాలర్లమ్మి మన రూపాయలు కొంటుంది. అంటే మన రూపాయి డాలరు దగ్గర పడితే వాళ్లదీ అంతే పడుతుంది. మనకి డాలరు 80 అయితే వాళ్లకి 128. ఇది తెలియకుండా వాట్సాప్‌లో “మన రూపాయి నేపాల్ కంటే అరవై శాతం బలం” అని పంపేవాళ్లని చూస్తే చిర్రెత్తుతుంది. అదొక అంకె, అంతే. భూటాన్ వాళ్లు 1974 నుంచీ ఒకటికి ఒకటి పెట్టుకున్నారు, అంటే వాళ్లు మనతో సమానమైన బలవంతులా?

ఏజెంటు ఐదొందల నోట్ల గురించి చెప్పింది మాత్రం అప్పట్లో నిజమే. 2016లో మన నోట్ల రద్దప్పుడు పాత ఐదొందలు, వెయ్యి నోట్లు దాచుకున్న నేపాలీలు నిండా మునిగారు, ఆ తర్వాత 2018 డిసెంబర్‌లో వాళ్ల ప్రభుత్వం మన వంద దాటిన నోట్లేవీ వాడకూడదంది. మేం వెళ్లింది ఆ తర్వాతే. మీరు వెళ్తుంటే అప్పటి రూలు ఏమిటో ముందే కనుక్కుని, వంద నోట్లు కాసిని పెట్టుకుని, మార్చాల్సింది కౌంటర్లో రసీదు తీసుకుని మార్చుకోండి. 2024 మార్చి నుంచి అక్కడ చాలా కొట్లలో మన యూపీఐతో క్యూఆర్ స్కాన్ చేసి కట్టొచ్చు కూడా. కొండ మీదికి పోయేకొద్దీ సిగ్నల్ ఉండదు కాబట్టి దాన్నే నమ్ముకోవద్దు.