ఆవిరి యంత్రంతో నడిచే ఆపిల్ రసం మిల్లు ఇంకా ఎక్కడైనా ఉందా?

ఉంది. అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలోని ఓల్డ్ మిస్టిక్‌లో బి.ఎఫ్. క్లైడ్ సైడర్ మిల్లు అలాంటిదే. బెంజమిన్ ఫ్రాంక్లిన్ క్లైడ్ దీన్ని 1881లో మొదలుపెట్టారు. తరాలు మారినా యాజమాన్యం ఆ కుటుంబం చేయి దాటలేదు.

ఇప్పటి భవనం 1898 నాటిది. పని చూస్తే మన చెరకు గానుగ గుర్తుకొస్తుంది గానీ, ఇక్కడ పండ్లను రోలర్ల మధ్య పిండరు. ముందు మరలో వేసి గుజ్జు చేస్తారు. ఆ గుజ్జును గుడ్డల్లో పరిచి, మడిచి, మధ్యమధ్య చెక్క చట్రాలు పెట్టి దొంతరగా పేరుస్తారు. ప్రెస్ బిగిసేకొద్దీ రసం ధారకడుతుంది. మరను, ప్రెస్‌ను తిప్పేది ఆ పాత ఆవిరి యంత్రమే. దాన్ని మ్యూజియంలో పెట్టి తుడుచుకుంటూ కూర్చోకుండా పనిలోనే ఉంచడం నాకు భలే నచ్చింది. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం 1994లో దీన్ని చారిత్రక కట్టడంగా గుర్తించింది.

అన్నట్టు, అమెరికాలో సైడర్ అంటే మామూలుగా వడకట్టని తాజా రసం. పులియబెట్టి మద్యంగా మార్చినది హార్డ్ సైడర్. ఇక్కడ రెండూ అమ్ముతారు. చూడాలంటే ఆపిల్ కోతల కాలంలో, అంటే శరదృతువులో వెళ్లాలి.