జవాబు: ప్రతి ప్రార్థన కూటంలో దేవునికి సమర్పించుకుంటున్నా, వారానికే పాత స్థితికి వస్తున్నాను

వందనాలు బ్రదర్. "నా సమర్పణ అబద్ధమేమో, ఉద్యోగం మానేసి పూర్తికాల సేవకు వెళ్లాలేమో" అని రాశారు. రెండూ తొందరపాటే.

లూకా 9:23లో సిలువ ఎత్తుకోవడం "ప్రతిదినము" అని ఉంది. గెత్సేమనేలో యేసు ప్రభువే ఒకే ప్రార్థన మూడుసార్లు చేశారు (మత్తయి 26:44). మళ్లీ మళ్లీ అప్పగించుకోవడం ఓటమి కాదు.

అసలు లోపం వేరే చోట ఉంది. "అంతా నీకే ప్రభువా" అంటే చెప్పడానికి బాగుంటుంది, కానీ ఏదీ చేయి మారదు. పన్ను వసూలుదారుడైన జక్కయ్య యేసుతో లెక్కతో సహా చెప్పాడు: ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు (లూకా 19:8). మీరూ కాగితం మీద పేరుపేరునా రాయండి: జీతం, రాత్రిపూట ఫోను, పెళ్లి సంబంధం, మాటలు మానేసిన అన్నదమ్ములు. రాయడానికి చెయ్యి ఆగిన చోటు నుంచే మొదలుపెట్టండి. వారానికి ఒక్కటి చాలు. దానికి ఆ రోజే చేయగల పని ఒకటి జతచేయండి. అన్నతో తగాదా ఉంటే ముందు ఫోన్ చేసి సమాధానపడండి, కానుక తర్వాత (మత్తయి 5:23-24). పడిపోతే ఆ రాత్రే ఒప్పుకోండి (1 యోహాను 1:9), వచ్చే కూటం దాకా ఆగొద్దు.

ఉద్యోగం ఇప్పుడే వదలకండి. పిలుపు వచ్చినప్పుడు ఉన్న స్థితిలోనే ఉండమని చెప్పే 1 కొరింథీ 7:20 చదవండి. సమర్పణ పేరుతో ఎవరైనా పొలం కాగితాలు అడిగితే అపొస్తలుల కార్యములు 5:4 చూపించండి. పొలం అమ్మి, సొమ్ములో కొంత దాచుకుని మిగతాది తెచ్చిన అననీయను అపొస్తలుడైన పేతురే అడిగాడు: అమ్మిన తర్వాత కూడా ఆ సొమ్ము నీ వశంలోనే ఉంది కదా అని.