బంతి దొర్లితే ఇల్లు కుంగినట్టేనా?

ప్రశ్న: మాది నెల్లూరు, చాలా ఏళ్లుగా చెన్నైలోనే ఉంటున్నాం. మడిపాక్కంలో 20 ఏళ్ల నాటి ఇండిపెండెంట్ హౌస్ ఒకటి చూశాం, కింద ఒక పోర్షన్, పైన ఒకటి. హాల్లో మా బాబు బంతి వదిలితే ప్రతిసారీ ఒకే మూలకు పోతోంది. కిటికీ పక్కన ఒక పగులు కూడా ఉంది. ఓనర్ గారేమో "పాత ఇల్లు కదమ్మా, మామూలే" అంటున్నారు. మావారికి ఇల్లు తెగ నచ్చేసింది, టెన్షన్ అంతా నాకే. అడ్వాన్స్ ఇచ్చేముందు మేం సొంతంగా చూసుకోగలిగేవి ఏమైనా ఉన్నాయా?

జవాబు: బంతి దొర్లిందంటే గచ్చు వాలుగా ఉందని తెలుస్తుంది, అంతవరకే. గచ్చు కుంగడం వేరు, పునాది కదలడం వేరు, వీటి ఖర్చుల మధ్య ఉన్న తేడా తలుచుకుంటే మీ టెన్షన్ సబబే అనిపిస్తుంది.

కింది పోర్షన్‌లో గచ్చు సాధారణంగా పునాది మీద ఆనదమ్మా. పునాది గోడల మధ్య మట్టి నింపి, దాని మీద కాంక్రీటు పోసి, ఆపైన టైల్స్ వేస్తారు. ఆ మట్టిని నీళ్లు పెట్టి దిమ్మిసతో సరిగ్గా కొట్టకపోతే కొన్నాళ్లకు అది అణుగుతుంది, గచ్చు కూడా దానితోపాటే దిగుతుంది. అప్పుడు స్కర్టింగ్ (గోడ అడుగున వేసే టైల్ పట్టీ) కింద సందు కనబడుతుంది, టైల్ మీద రూపాయి బిళ్లతో కొడితే డొల్లగా మోగుతుంది, గోడలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. ఇది గచ్చు తవ్వి మళ్లీ వేయించుకుంటే తీరిపోయే పని, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. (బాత్రూమ్, బాల్కనీ వాలు లెక్కలోకి రాదు, నీళ్లు పోవడానికి కావాలనే అలా పెడతారు.)

ఏది జరిగిందో తేల్చుకోవడానికి ఫోన్‌లో లెవెల్ యాప్ పనికిరాదు, అది ఒక్క టైల్ సంగతే చెబుతుంది. మేస్త్రీలు వాడే లెవెల్ పైపు, అదే నీళ్లు నింపిన సన్నటి ట్రాన్స్‌పరెంట్ పైపు, ఒకటి తీసుకెళ్లండి. లోపల గాలి బుడగ లేకుండా చూసుకుని, ఒక కొసలో నీళ్లు నిలిచిన చోట పైపు మీద గుర్తు పెట్టి, దాన్ని హాల్ మధ్యలో ఎవరినైనా కదలకుండా పట్టుకోమని, రెండో కొస ఒక్కో మూలకూ తీసుకెళ్లి, మొదటి కొసలో నీళ్లు ఆ గుర్తు దగ్గరే నిలిచేలా పైకీ కిందికీ సర్ది, నీటిమట్టం దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టండి. ఆ గీతలన్నీ ఒకే మట్టంలో ఉంటాయి కాబట్టి అక్కడి నుంచి గచ్చు దాకా టేపుతో కొలిస్తే ఏ మూల ఎంత దిగిందో తెలిసిపోతుంది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, అసలు పని ఇప్పుడే మొదలవుతుంది. అవే గీతల నుంచి కిటికీ అడుగు అంచుకీ, పైన స్లాబుకీ కూడా కొలవండి. గచ్చు దిగినా కిటికీలు, స్లాబు మట్టంగానే ఉంటే గొడవ గచ్చుతోనే. అవి కూడా అదే మూలకు వాలి ఉంటే, పై పోర్షన్ గచ్చు కూడా అటే వాలితే, పునాదిని అనుమానించాలి. కట్టినప్పుడే మేస్త్రీ వంకరగా కట్టి ఉండొచ్చు కదా అంటారేమో, ఉండొచ్చు, కానీ అలాంటి వంకరకు బీటలు పడవు.

బీటల్లో భయపడాల్సినవి కిటికీ, గుమ్మం మూలల నుంచి ఐమూలగా పోయేవి, ఒక చివర సన్నగా, రెండో చివర వెడల్పుగా ఉండేవి, గోడకు రెండు వైపులా కనబడేవి. బీమ్ కింద, పిల్లర్ పక్కన తిన్నగా పోయే గీతలు కాంక్రీటుకూ ఇటుకకూ పొత్తు కుదరక వచ్చేవి, ప్లాస్టరింగ్ మీద వల అల్లినట్టుండే సన్న గీతలు అంతకన్నా తక్కువ సంగతి. 5 మిల్లీమీటర్లు దాటిన పగులును మాత్రం ఎవరు మామూలే అన్నా నమ్మకండి. పిల్లర్ల మధ్య దూరంలో 300వ వంతు, అంటే 3 మీటర్లకు 1 సెంటీమీటరు తేడాగా పునాది దిగితే గోడలు పగలడం మొదలవుతుందని ఇంజినీర్ల లెక్క, 150వ వంతుకు వస్తే పిల్లర్లకూ బీములకూ కూడా ముప్పు. కొత్తగా పెయింట్ వేశారా? టార్చిలైటు గోడకు ఆనించి పక్కవాటుగా వేయండి, పుట్టీ పెట్టి పూడ్చిన బీటలు బయటపడతాయి. అటకల మీద, బీరువాల వెనక ఎవరూ పుట్టీ పెట్టరు, అక్కడ తప్పకుండా చూడండి.

మీ విషయంలో ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఆ ఏరియా. వేళచ్చేరి, మడిపాక్కం, పళ్ళికరణై వైపు చిత్తడి నేల, చెరువుల పక్క నేల, చాలాచోట్ల బంకమట్టి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు ఉబ్బుతుంది, మే ఎండలకు కుంచించుకుపోతుంది. అందుకే మేలో తెరుచుకున్న బీట డిసెంబరులో మూసుకుపోయి, వానాకాలంలో చూసినవాళ్లకు ఇల్లు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. గోడ పక్కనే పెద్ద చెట్టుందా, సంప్ కారుతోందా, వాననీటి ఇంకుడు గుంత పునాదిని ఆనుకుని ఉందా కూడా చూడండి. పునాది మామూలు ఫుటింగా (పిల్లర్ కింద వెడల్పుగా పోసే కాంక్రీటు దిమ్మ), పైలింగ్ (నేలలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు) చేశారా అని ఓనర్ని అడిగి డ్రాయింగ్ చూపించమనండి. పై కొలతల్లో ఏది తేడాగా ఉన్నా స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి ఫీజు ఇచ్చి చూపించాకే అడ్వాన్స్ ఇవ్వండి, ఓనర్ తెచ్చిన ఇంజినీర్ వద్దు.

ప్రశ్న: మా పక్క స్థలంలో అపార్ట్‌మెంట్ కోసం లోతుగా తవ్వుతున్నారు. మా కాంపౌండ్ గోడకు బీట పడింది. ఇల్లు కూడా కదులుతుందా? (పెరంబూరు నుంచి)

జవాబు: కాంపౌండ్ గోడ పునాది లోతు తక్కువ, ముందు అదే కదులుతుంది. అయినా తేలిగ్గా తీసుకోకండి, గుంతలోంచి నీళ్లు తోడుతుంటే దాంతోపాటు మీ కింది ఇసుక కూడా పోవచ్చు. ఈ రోజే ప్రతి గదినీ తేదీ పడేలా ఫొటోలు తీయండి. ఇంట్లో బీట కనబడితే దాని మీద అడ్డంగా సన్నటి గాజు ముక్కను రెండు చివరలా ఎం-సీల్‌తో అతికించండి, గాజు విరిగితే గోడ ఇంకా కదులుతున్నట్టు. బిల్డర్‌కి, కార్పొరేషన్ జోనల్ ఆఫీసుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి, తవ్వకం అంచుకు దన్ను కట్టేదాకా పని ఆపమని అందులో రాయండి. గాజు విరిగిందా, ఆ వైపు గదిలో ఎవరూ పడుకోకండి, ఆ రోజే ఇంజినీర్ని పిలవండి.