ఇంటర్‌లో మ్యాథ్స్ లేదు, బీఏలో స్టాటిస్టిక్స్ వచ్చింది... గ్రూపు మార్చుకోవాలా?

ప్రశ్న: మాది అచ్చంపేట దగ్గర ఒక పల్లె. ఇంటర్ సీఈసీ చదివి మహబూబ్‌నగర్‌లో బీఏ ఎకనామిక్స్‌లో చేరాను. ఈ ఏడాది గణాంక శాస్త్రం పేపరుంది. దాంతోపాటు సొంత ఊళ్లో 60 ఇళ్లు సర్వే చేసి ప్రాజెక్టు ఇమ్మన్నారు. టెన్త్ తర్వాత లెక్కలు ముట్టలేదు. ఇంట్లోవాళ్లు గ్రూపు మార్చుకోమంటున్నారు. మార్చుకోవాలా? ఈ సబ్జెక్టుతో ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: మార్చుకోవద్దు. శాతాలు, నిష్పత్తులు, వర్గమూలం, గ్రాఫు గీయడం వస్తే చాలు, డిగ్రీ స్థాయి ప్రాథమిక గణాంక శాస్త్రం సాగిపోతుంది. అంకమధ్యమం (సగటు), మధ్యగతం (వరుసగా పేర్చినప్పుడు నడిమి విలువ), బాహుళకం (ఎక్కువసార్లు వచ్చే విలువ) ఇంటర్ ఎకనామిక్స్‌లోనే చూసి ఉంటారు. ఈ పేపర్లో పెద్ద తప్పులన్నీ సూత్రం దాకా రాకముందే జరుగుతాయి. ఎవరిని అడిగారు, ఏమని అడిగారు, ఏ కొలతలో రాసుకున్నారు అన్న దగ్గరే లెక్క చెడుతుంది. మీకిచ్చిన 60 ఇళ్ల సర్వేను శ్రద్ధగా చేస్తే సగం సిలబస్ చేతికొస్తుంది కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతాను.

ముందు ఇళ్ల జాబితా కావాలి. పంచాయతీ కార్యదర్శి దగ్గర ఇంటి పన్ను రిజిస్టర్ ఉంటుంది. కాలేజీ నుంచి లెటర్ తీసుకెళ్లి అడగండి. ఊళ్లో 300 ఇళ్లున్నాయనుకుందాం. 60 కావాలంటే ప్రతి అయిదింటికి ఒకటి. 1 నుంచి 5 దాకా చీటీలు రాసి ఒకటి తీయండి. 3 వచ్చిందంటే జాబితాలో 3, 8, 13, 18... అలా 298 దాకా వెళ్తే సరిగ్గా 60 ఇళ్లు. పుస్తకంలో క్రమబద్ధ ప్రతిచయనం అని చదివేది ఇదే. బస్టాండు దగ్గర కనబడినవాళ్లనో, మీ వాడకట్టులో తెలిసినవాళ్లనో అడిగి 60 నింపితే మీ వాడకట్టు లెక్క వస్తుంది గానీ ఊరి లెక్క రాదు.

ఇక్కడే మన ప్రాంతపు చిక్కు ఒకటుంది. 2018లో చాలా తండాలు వేరే గ్రామపంచాయతీలయ్యాయి. మీ ఊరి తండా కూడా అలా విడిపోయి ఉంటే పాత ఊరి రిజిస్టర్లో ఆ ఇళ్లు ఉండవు. తండాను కలుపుకొంటున్నారా లేదా అన్నది ముందే తేల్చుకొని రిపోర్టు మొదటి పేజీలో రాయండి. అలాగే ఒకే ఇంటి నంబరు కింద ఇద్దరు అన్నదమ్ములు వేరు పొయ్యిలు పెట్టుకొని ఉంటారు. ఒకే వంట తినేవాళ్లంతా ఒక కుటుంబం అన్నది జాతీయ శాంపిల్ సర్వేలు కూడా పాటించే పద్ధతి. రెండు పొయ్యిలుంటే రెండు కుటుంబాలుగా అడిగి, రెండు వరుసల్లో రాయండి. మొత్తం 60 దాటినా నష్టమేమీ లేదు.

ఇక తాళం వేసిన ఇల్లు. అసలు సర్వే నాణ్యత తేలేది ఇక్కడే. తాళం కనబడగానే చాలామంది పక్కింటికి వెళ్లి 60 నింపేస్తారు. పాలమూరులో తాళం ఉన్న ఇల్లంటే చాలావరకు వలస పోయిన ఇల్లే. కోతలయ్యాక వెళ్లినవాళ్లు వానలు పడేదాకా రారు. వాళ్లను వదిలేసి ఊళ్లో ఉన్నవాళ్లను లెక్కపెడితే మీ సర్వేలో వలసే తగ్గిపోతుంది. 60లో 9 ఇళ్లకు తాళం ఉందనుకోండి. అడిగిన 51 ఇళ్లలో 10 ఇళ్ల నుంచి ఎవరో ఒకరు వలస వెళ్లారు. మీ లెక్క 20 శాతం చూపిస్తుంది. తాళం వేసిన 9 కుటుంబాలూ వలస పోయినవే అయితే అసలు లెక్క 60కి 19, అంటే 32 శాతం దాకా ఉంటుంది. కాబట్టి పక్కిల్లు ఎక్కొద్దు. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో ఇంకో రెండుసార్లు వెళ్లండి. అప్పటికీ లేకపోతే ఇరుగుపొరుగును ఎక్కడికి పోయారు, ఎప్పుడు పోయారు అని మాత్రం అడిగి విడిగా రాసుకోండి. రిపోర్టులో "ఎంచుకున్నవి 60, వివరాలు దొరికినవి 51, తాళం 9" అని దాచకుండా రాయండి. వీలైతే సర్వేనే జులై తర్వాతకు పెట్టుకోండి.

ప్రశ్నల సంగతికొస్తే, "మీ ఆదాయం ఎంత?" అని ఎవరినీ అడగొద్దు. రైతుకు నెల జీతం లెక్క ఉండదు, ఉన్నా బయటివాళ్లకు చెప్పడు. ముక్కలుగా అడగండి: పోయిన వానాకాలం ఏమేం వేశారు, ఎన్ని ఎకరాల్లో, ఎన్ని క్వింటాళ్లు వచ్చింది, ఎంతకు అమ్మారు, విత్తనం, ఎరువు, కూలీల ఖర్చెంత. గుణించడం, తీసేయడం మీ పని. బస్తాల్లో చెబితే బస్తా ఎన్ని కిలోలో వెంటనే అడిగి రాసుకోండి, ఒక్కొక్కరి బస్తా ఒక్కో బరువు. కూలి అడిగేటప్పుడు ఆడవాళ్లది, మగవాళ్లది వేరుగా, రోజంతానా ఒక్క పూటనా, తిండి పెట్టారా లేదా అన్నది కూడా రాయాలి. పత్తి ఏరడానికి చాలాచోట్ల కిలో లెక్కన ఇస్తారు. ఆ రోజు ఎన్ని కిలోలు ఏరారో అడగకపోతే దాన్ని రోజు కూలిగా మార్చలేరు.

సర్వే అనగానే మన ఊళ్లలో పథకమే గుర్తొస్తుంది. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు లెక్కలో లేకపోతే ఏం పోతుందోనని వలస కూలీలు పనులు మానుకొని ఊళ్లకొచ్చారు. మీరు పుస్తకం, పెన్ను పట్టుకొని గడప తొక్కినా అదే అనుకుంటారు, భూమి తగ్గించి చెబుతారు. "ఇది కాలేజీ పని, దీనివల్ల ఏ పథకమూ రాదు, ఏదీ పోదు, మీ పేరు రాయను" అని ముందే చెప్పండి. రేషన్ కార్డు, పింఛను ప్రశ్నలు చివర్లో పెట్టండి. ప్రశ్నలన్నీ రాసుకున్నాక శాంపిల్‌లో లేని నాలుగైదు ఇళ్లలో అడిగి చూస్తే ఏ ప్రశ్న జనానికి అర్థం కావడం లేదో తెలుస్తుంది.

వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు మన దగ్గర తప్పకుండా జరిగే పొరపాటు ఒకటి. పట్టాదారు పాసుపుస్తకంలో 2.20 అని ఉంటే రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది 2.5 ఎకరాలు. దాన్ని ఎక్సెల్‌లో 2.20 అనే కొడితే లెక్కంతా తప్పుతుంది. ఒక రైతుకు 2.20, ఇంకొకరికి 1.30 ఉందనుకోండి. ఎక్సెల్ 3.50 అంటుంది. నిజానికి 4 ఎకరాల 10 గుంటలు, అంటే 4.25 ఎకరాలు. ఎకరాలకో నిలువు గడి, గుంటలకో గడి పెట్టండి. మూడో గడిలో గుంటలను 40తో భాగించి ఎకరాలకు కలపండి. సగటైనా, పట్టికైనా ఆ మూడో గడి నుంచే వేయాలి.

ఒక కుటుంబానికి ఒకే అడ్డు వరుస. భూమి లేనివాళ్లకు 0 రాయండి, చెప్పనివాళ్ల గడి ఖాళీగా వదలండి. ఈ రెండూ ఒకటి కావు: ఎక్సెల్ సగటు తీసేటప్పుడు ఖాళీ గడిని వదిలేస్తుంది, సున్నాను లెక్కలోకి తీసుకుంటుంది. "చెప్పలేదు" అనడానికి కొందరు 99 అని కోడ్ వేసి, దాన్ని తీయకుండానే సగటు కడతారు. అప్పుడు ఊళ్లో 99 ఎకరాల ఆసామి పుట్టుకొస్తాడు.

సగటు ఎప్పుడు మోసం చేస్తుందో భూమి లెక్కలోనే బాగా తెలుస్తుంది. పది కుటుంబాల భూమి ఎకరాల్లో ఇలా ఉందనుకోండి: 0, 0, 0.5, 1, 1, 1.5, 2, 2, 3, 24. మొత్తం 35, అంకమధ్యమం 3.5 ఎకరాలు. పదిలో తొమ్మిది కుటుంబాలకు అంత భూమి లేదు. వరుసగా పేర్చినప్పుడు అయిదో విలువ 1, ఆరో విలువ 1.5, వాటి సగటు 1.25 ఎకరాలు మధ్యగతం. ఊరి సామాన్య కుటుంబం గురించి చెప్పాలంటే ఇదే నిజానికి దగ్గర. భూమి, ఆదాయం, అప్పు, ఈ మూడింటికీ రిపోర్టులో రెండు కొలతలూ ఇవ్వండి. వాటి మధ్య దూరమే అసమానత గురించి ఒక మాట చెబుతుంది.

పౌనఃపున్య పట్టిక (ఏ తరగతిలో ఎన్ని కుటుంబాలో చూపేది) వేసేటప్పుడు భూమి లేనివాళ్లను విడి వరుసగా పెట్టండి, "0–2.5" తరగతిలో కలపొద్దు. సరిగ్గా 2.5 ఎకరాలున్న రైతు ఏ తరగతిలోకి వస్తాడో ముందే నిర్ణయించుకోండి. పై హద్దును ఆ తరగతిలో లెక్కించని మినహాయింపు పద్ధతిలో అయితే పై తరగతిలోకి. గణన గుర్తులు (టాలీ గీతలు) వేశాక మొత్తం సరిపోయిందో చూసుకోవడం మానొద్దు. సోపాన రేఖాచిత్రం (హిస్టోగ్రామ్) దగ్గర మార్కులు ఎక్కువగా పోతాయి. 0–2.5లో 30 కుటుంబాలు, 2.5–5లో 15, 5–10లో 10 ఉంటే కడ్డీల ఎత్తు 30, 15, 10 అని గీస్తారు. మూడో తరగతి వెడల్పు రెండింతలు కాబట్టి ప్రతి సంఖ్యనూ వెడల్పుతో భాగించాలి. అప్పుడు ఎత్తులు 12, 6, 2 అవుతాయి. "10 ఎకరాల పైన" లాంటి తెరిచిన తరగతి ఉంటే సగటు జోలికి పోకుండా మధ్యగతం తీయండి.

ప్రామాణిక విచలనం (విలువలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) చేత్తో వేస్తే ఒక జవాబు, ఎక్సెల్‌లో ఇంకో జవాబు వచ్చి చాలామంది కంగారు పడతారు. డిగ్రీ పుస్తకం సాధారణంగా పరిశీలనల సంఖ్యతో భాగిస్తుంది. ఎక్సెల్‌లో ఎస్ అక్షరంతో ముగిసే ఎస్‌టీడీఈవీ ఫార్ములా అందులో ఒకటి తగ్గించి భాగిస్తుంది. పీతో ముగిసేది వాడితే పుస్తకంతో కలుస్తుంది. సూచీ సంఖ్యల్లో (ధరలు ఎంత మారాయో చెప్పేవి) లాస్పియర్ పాత ఏడాది పరిమాణాలు తీసుకుంటాడు, పాషీ కొత్త ఏడాదివి, ఫిషర్ సూచీ ఆ రెండు సూచీల గుణోత్తర మధ్యమం, అంటే వాటిని గుణించి తీసిన వర్గమూలం. ఇది పట్టుబడితే ఆ అధ్యాయం సాధనతో వచ్చేస్తుంది.

ఫలితాన్ని ఎంత గట్టిగా చెప్పాలో కూడా తెలియాలి. 300లో 60 ఇళ్లు అడిగి 40 శాతం అప్పుల్లో ఉన్నారని తేలితే, అసలు సంఖ్య దానికి 11 శాతం పాయింట్లు అటూ ఇటూ ఉండొచ్చు. "సుమారు 40 శాతం" అనండి. 40.00 అని దశాంశాలు రాస్తే మీకు లేని కచ్చితత్వం చూపించినట్టు.

ఊరి లెక్కను జిల్లాతో పోల్చాలంటే ద్వితీయ దత్తాంశం, అంటే ఇతరులు ముందే సేకరించిన లెక్కలు కావాలి. 2011 జనగణనలో మహబూబ్‌నగర్ జిల్లా జనాభా 40.53 లక్షలు, నల్లగొండ 34.88 లక్షలు. అవి ఉమ్మడి జిల్లాలు. 2016 అక్టోబరు 11న పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి. షాద్‌నగర్ రంగారెడ్డిలోకి, కొడంగల్ వికారాబాద్‌లోకి వెళ్లాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వచ్చింది. మీ అచ్చంపేటే ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. పాత మహబూబ్‌నగర్ అంకె పక్కన కొత్త మహబూబ్‌నగర్ అంకె పెట్టి "తగ్గింది" అని రాస్తే ప్రాజెక్టు అక్కడే పోతుంది. 2011 అంకెలను మండలాల వారీగా తీసుకొని ఇప్పటి జిల్లాకు మీరే కూడుకోండి. కొన్ని మండలాలు కూడా చీలాయి, అక్కడ గ్రామాల దాకా దిగాలి. కలెక్టరేట్‌లో ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం, మండలంలో మండల ప్రణాళిక, గణాంకాధికారి ఉంటారు, వెళ్లి అడగండి. పంట ధరలకు కేంద్ర ప్రభుత్వ మార్కెట్ ధరల వెబ్‌సైట్ అగ్‌మార్క్‌నెట్ చూడండి. కనిష్ఠ, గరిష్ఠ ధరలతోపాటు మోడల్ ధర (బాహుళకాన్ని ఇంగ్లిషులో మోడ్ అంటారు, ఆ రోజు ఎక్కువగా పలికిన ధర ఇది) కూడా ఇస్తారు. పుస్తకంలో బాహుళకం దేనికో అర్థం కాని విద్యార్థికి బాదేపల్లి మార్కెట్లో ఒక్కరోజు పల్లీ ధర చూపిస్తే చాలు.

ఇలాంటి పల్లె సర్వేకు విలువేముందని అనుకోవద్దు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో మొదలుపెట్టిన గ్రామ అధ్యయనాలకు ఎంచుకున్న ఊళ్లలో రెండు, ఔరేపల్లి, డోకూరు, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావే. అక్కడ ఊళ్లోనే ఉండి, కొన్ని వారాలకోసారి అవే కుటుంబాలను అడుగుతూ రాసిన వివరాలను ప్రపంచమంతా ఆర్థికవేత్తలు వాడుకున్నారు. హైదరాబాద్‌లోని ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం, జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ లాంటి చోట్ల క్షేత్ర సర్వేలు నిత్యం నడుస్తుంటాయి. తెలుగులో అడగగలిగి, శుభ్రంగా ఎక్సెల్‌లో ఎక్కించగలిగినవాళ్లు వాటికి అవసరం. మీ ఖాళీ ప్రశ్నాపత్రం, పేర్లు తీసేసిన డేటా ఫైలు, రిపోర్టు ఒకచోట దాచుకోండి, దరఖాస్తుకు జతచేయొచ్చు.

ప్రభుత్వ ఉద్యోగాల దగ్గర మాత్రం ఒక విషయం ఇప్పుడే తెలుసుకోండి. ఎకనామిక్స్‌లో భాగంగా ఒక గణాంక శాస్త్రం పేపర్ చదవడం, డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా చదవడం ఒకటి కాదు. కేంద్ర ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) పెట్టే సీజీఎల్ పరీక్షలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టుకు ఇంటర్ స్థాయి గణితంలో 60 శాతం గానీ, డిగ్రీలో స్టాటిస్టిక్స్ సబ్జెక్టు గానీ ఉండాలి. సీఈసీ చదివిన మీకు మొదటి దారి లేదు. యూపీఎస్సీ ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసుకూ స్టాటిస్టిక్స్ సబ్జెక్టుగా ఉండాలి. అదే ఇండియన్ ఎకనామిక్ సర్వీసుకు ఎకనామిక్స్‌లో పీజీ చాలు, ఇంటర్ మ్యాథ్స్ అడగరు. సాధారణ వయసు పరిమితి 21 నుంచి 30, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. రాత పరీక్ష 1000 మార్కులు, ఇంటర్వ్యూ 200. జనరల్ ఎకనామిక్స్ మొదటి పేపర్లో పరిమాణాత్మక పద్ధతులు ఒక భాగం, మీరు ఇప్పుడు చదివేదానికి అది కొనసాగింపు. పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఎంఏ ఎకనామిక్స్‌లో చేరండి, అక్కడ ఎకనామెట్రిక్స్ (ఆర్థిక విషయాలకు గణాంక పద్ధతులు వాడటం) పేపర్ వదలొద్దు. రాష్ట్ర గణాంక విభాగం పోస్టులకు నోటిఫికేషన్ వచ్చినప్పుడు జీతం కన్నా ముందు విద్యార్హత పేరా చదవండి. మీ మార్కుల మెమోలో సబ్జెక్టు పేరు ఎలా అచ్చయిందో దాన్నిబట్టే అర్హత తేలుస్తారు.