కసాపురమూ వెళ్లండి, డాక్టరు దగ్గరికీ వెళ్లండి

ప్రశ్న: మాది గుత్తి దగ్గర పల్లె. మా ఆయనకు 38 ఏళ్లు. వరుసగా రెండేళ్లు చెనక్కాయ పంట పోయింది. నాలుగు నెలలుగా తెల్లవారుజామున మూడింటికే లేచి అరుగు మీద కూర్చుంటాడు. తిండి సయించదు, పిల్లలతో మాట్లాడడు. మా అత్త గాలి సోకిందని, కసాపురం ఆంజనేయస్వామి గుడిలో మూడు శనివారాలు నిద్ర చేయించాలని అంటోంది. డాక్టరు మాటెత్తితే ‘నేనేమన్నా పిచ్చోణ్ణా?’ అని ఆయన ఎగిరిపడుతున్నాడు. ఆడబిడ్డకు సంబంధాలు చూస్తున్నాం. ఎవరికీ తెలియకుండా బెంగళూరు తీసుకుపోనా?

జవాబు: అమ్మా, మీరు రాసినవి డిప్రెషన్ లక్షణాల్లాగే ఉన్నాయి. ఇవి రెండు వారాలు దాటితే చాలు, చూపించుకోవాలి. మీ ఇంట్లో నాలుగు నెలలైంది. ఖాయం చేయాల్సింది డాక్టరే. థైరాయిడ్ తేడా, రక్తహీనత ఉన్నా మనిషి ఇలా నీరసపడిపోవచ్చు, ఆ పరీక్షలూ చేయిస్తారు.

బెంగళూరు మాత్రం వద్దంటాను. అక్కడి మానసిక వైద్యశాల నిమ్హాన్స్ మంచి ఆసుపత్రే, కాదనను. కానీ ఈ జబ్బులో మొదటిసారి వెళ్లడం కన్నా మళ్లీ మళ్లీ వెళ్లడం ముఖ్యం. మందు పని మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తర్వాత మోతాదు సరిచూడాలి. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ప్రతిసారీ ఊళ్లో ఏదో అబద్ధం చెప్పి రైలెక్కడం మీ వల్ల అవుతుందా? రెండోసారికే మానేస్తారు. అనంతపురం పెద్దాసుపత్రిలోనే మానసిక వైద్య విభాగం ఉంది. రోగి వివరాలు బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా చెబుతోంది. ఆడబిడ్డ సంబంధం గురించి మీ భయం నాకు తెలుసు, వంక పెట్టేవాళ్లకు ఏదైనా వంకే. అయినా తెల్లారకముందే అరుగు మీద కూర్చున్న మనిషిని పాలకు పోయేవాళ్లు ఇన్నాళ్లూ చూడలేదంటారా?

మీ అత్తగారితో వాదం పెట్టుకోకండి. కొడుకు గురించి ఆమెకూ బెంగే. కసాపురం వెళ్లండి, నిద్ర చేయండి. అయితే మూడు శనివారాలు అయ్యేదాకా ఆసుపత్రిని వాయిదా వేయొద్దు. మందులు ఆపమనేవాళ్ల, కొట్టి గాలి వదిలిస్తామనేవాళ్ల గడప మాత్రం తొక్కకండి.

ఆయన దగ్గర ‘మెంటల్’ అనే మాటే ఎత్తకండి. ‘నిద్ర పట్టట్లేదు కదా, చూపించుకుందాం’ అనండి. అది అబద్ధమేమీ కాదు. మాత్రలు కూరలో కలిపి పెట్టమని ఎవరైనా సలహా ఇస్తారు, వినకండి. తెలిసిన రోజు మీ చేతి అన్నం కూడా నమ్మరు. డిప్రెషన్ మందులు మత్తుమందుల్లా వ్యసనమయ్యేవి కావు, కానీ డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా ఆపకూడదు.

మీరు రాయని మాట ఒకటుంది. చచ్చిపోవాలనిపిస్తోందా అని ఆయన్ని నెమ్మదిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఇంట్లో, కొట్టంలో పురుగుమందు డబ్బాలుంటే ఈ రోజే ఆయనకు అందకుండా వేరే ఇంట్లో తాళం వేయించండి. ఆయన అవునంటే ఒంటరిగా వదలకండి, ఓపీ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. మానసిక సమస్యలకు ఫోన్‌లో సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆయన చేయనంటే మీరే చేసి, ఇంట్లో పరిస్థితి చెప్పి, ఎలా ఒప్పించాలో అడగండి.